దొరికిన ఆయుధాలు అమ్మేస్తుంటే ఆంక్షలు ఆపగలవా? వార్త చూసి లెక్క తేల్చుకోవడం ఎలా

మొన్న ఆదివారం సాయంత్రం మా రీడింగ్ రూమ్‌లో గ్రూప్-1కి చదువుతున్న పిల్లలకి మాక్ ఇంటర్వ్యూలు పెట్టుకున్నాం. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర, మేడ మీద గది, రెండు ఫ్యాన్లుంటే ఒకటే తిరుగుతుంది. బోర్డు మెంబరు వేషం నాది. ఒకమ్మాయిని అడిగాను: "ఒక దేశం యుద్ధంలో శత్రువు దగ్గర లాక్కున్న ట్యాంకుల్ని మూడో దేశానికి అమ్మేస్తోంది. ఆంక్షలు పెట్టి ఆపొచ్చా?" ఆ అమ్మాయి టక్కున "ఆపొచ్చు సార్, ఐక్యరాజ్యసమితి ఉంది కదా" అంది. పక్క కుర్రాడిని అడిగితే "ఆంక్షలన్నీ నాటకం సార్, ఏవీ పనిచెయ్యవు" అన్నాడు. రెండూ మార్కులు పోయే జవాబులే.

రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డ్ సుబేదార్ గారు ఒకాయన ఉన్నారు మా దగ్గర. మూల కుర్చీలోంచి తలెత్తకుండానే "దొరికిన తుపాకీకి రసీదుంటాదేటి బాబూ?" అన్నారు. అందరం నవ్వాం గానీ సగం జవాబు ఆ మాటలోనే ఉంది. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను. పరీక్షలో అడిగినా, ఫోన్‌లో వార్త వచ్చినా, నేను వరసగా ఏం చూసుకుంటానో అదే.

ముందు ఒక ట్రాక్టరు సంగతి చెప్పాలి

మా పెద్దమావయ్యది చీపురుపల్లి అవతల పల్లె. చాలా ఏళ్ల కిందట ఒక సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరు సగం ధరకే వస్తోందని కొనేశాడు. అమ్మినవాడు తాళం చేతిలో పెట్టి, ఆర్‌సీ వచ్చే నెల ఇస్తానన్నాడు. ఆ వచ్చే నెల ఇప్పటికీ రాలేదు. బండి మీద ఫైనాన్సు అప్పు అలాగే ఉందని తర్వాత తెలిసింది.

తమాషా ఏంటంటే ట్రాక్టరు పొలంలో శుభ్రంగా దున్నింది, ఎవరూ వచ్చి ఆపలేదు. కానీ మెయిన్ రోడ్డెక్కాలంటే భయం, ఇన్సూరెన్సు లేదు, బాడుగకి పంపిస్తే దారిలో ఎవరు పట్టుకుంటారో అని టెన్షన్. హైడ్రాలిక్ పంపు పోయినప్పుడు షోరూముకి తీసుకెళ్తే కాగితాలడుగుతారని, ఊరూరా తిరిగి పాత పంపు ఒకటి రెట్టింపు ధరకి వెతికి తెచ్చాడు. రెండో పంటకి ట్రాక్టరు చెట్టు కింద నిలబడిపోయింది, చివరికి పాత ఇనుము కింద పోయింది. అత్తయ్య ఇప్పటికీ ఆ మాటెత్తితే మావయ్య లేచి దొడ్లోకి వెళ్లిపోతాడు.

ఆంక్షలు పనిచేసే తీరు అచ్చం ఇదే. అవి అమ్మకాన్ని ఆపినవి తక్కువ. కొన్నవాడికి ఆ వస్తువుని పనికిరాకుండా చేసినవి, అమ్మేవాడికి సగం ధరే వచ్చేలా చేసినవి ఎక్కువ. ఈ తేడా మనసులో పెట్టుకుంటే కింద రాసేదంతా సులువుగా ఎక్కుతుంది.

మొదటి ప్రశ్న: అది ఇప్పుడు ఎవరి సొత్తు?

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. "దొంగసొత్తు అమ్ముతున్నారు" అని మొదలెడతారు. యుద్ధంలో పట్టుకున్న సైనిక సామగ్రి చట్టం దృష్టిలో దొంగసొత్తు కాదు. 1907 నాటి హేగ్ నిబంధనల్లో 53వ అధికరణ చూడండి: ఆక్రమించిన సైన్యం శత్రు ప్రభుత్వానికి చెందిన ఆయుధ డిపోలు, రవాణా సాధనాలు, యుద్ధానికి పనికొచ్చే చరాస్తి స్వాధీనం చేసుకోవచ్చు అని ఉంటుంది. 1949 మూడో జెనీవా ఒప్పందం 18వ అధికరణ ఖైదీగా దొరికిన సైనికుడి గురించి చెబుతూ, ఆయన సొంత వస్తువులు ఆయన దగ్గరే ఉండాలి, ఆయుధాలు, గుర్రాలు, సైనిక సామగ్రి, సైనిక పత్రాలు తప్ప, అంటుంది. హెల్మెట్, గ్యాస్ మాస్కు మాత్రం ఖైదీకే వదిలెయ్యాలి, ప్రాణరక్షణ కోసం. తుపాకీ మాత్రం పట్టుకున్న పక్షానిది. పట్టుకున్న జవానుది కాదు, ఆ జవాను దేశానిది. ఇది రాస్తే ఎగ్జామినర్ కళ్లు ఆగుతాయి, ఎందుకంటే ఎక్కువమంది రాయరు.

ఇప్పుడు దీని పక్కన మామూలు ఆయుధ వ్యాపారం పెట్టి చూడండి. ఒక దేశం ఇంకో దేశానికి ఆయుధాలు అమ్మేటప్పుడు ఎండ్ యూజర్ సర్టిఫికెట్ రాయించుకుంటుంది: మేమే వాడుకుంటాం, మీ అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వం, అని. అమెరికా అయితే 1976 నాటి ఆయుధ ఎగుమతుల నియంత్రణ చట్టంలోనే ఈ షరతు పెట్టుకుంది. ఇది ఎంత గట్టిగా పనిచేస్తుందో చూడాలంటే 2022 గుర్తు తెచ్చుకోండి. గెపార్డ్ అనే విమాన విధ్వంసక వాహనాల్ని జర్మనీ యుక్రెయిన్‌కి ఇచ్చింది, వాటి తూటాలు కొన్ని స్విట్జర్లాండ్‌లో తయారైనవి, పంపుకోవచ్చా అని జర్మనీ అడిగితే స్విట్జర్లాండ్ కుదరదంది. డబ్బిచ్చి కొన్న జర్మనీకి తన సొంత తూటా స్నేహితుడికి ఇచ్చుకునే స్వేచ్ఛ లేదు. అదే తూటా యుద్ధభూమిలో లాక్కున్నవాడు ఎవరికైనా ఇవ్వొచ్చు, ఎందుకంటే వాడు స్విట్జర్లాండ్‌కి ఏ కాగితమూ రాసివ్వలేదు! వినడానికి అన్యాయంగా ఉంటుంది. కానీ సంతకం పెట్టనివాడిని ఒప్పందం కట్టెయ్యదు, మనూరి పంచాయితీలోనైనా అంతే.

దీనికి నాకు బాగా నచ్చే పాత ఉదాహరణ ఒకటి ఉంది. కర్టిస్ హాక్-75 అని అమెరికా తయారీ యుద్ధవిమానం. ఫ్రాన్సు కొనుక్కుంది, నార్వే కొనుక్కుంది. 1940లో జర్మనీ ఆ రెండు దేశాలనీ ఆక్రమించినప్పుడు ఆ విమానాలు దాని చేతికి చిక్కాయి. 1941 జూన్ నుంచి 1944 జనవరి లోపల అలాంటివి 44 విమానాల్ని ఫిన్లాండ్‌కి అమ్మింది. అమెరికా ఫ్యాక్టరీలో పుట్టి, ఫ్రాన్సు రంగు వేసుకుని, జర్మనీ గోదాములో పడుండి, ఫిన్లాండ్ పైలట్ల చేతుల్లో సోవియట్ విమానాలతో పోరాడాయి. ఈ ఒక్క ఉదాహరణ చాలు, "పట్టుబడిన ఆయుధాల పునర్విక్రయం" అంటే ఏంటో చెప్పడానికి.

ఒక మెలిక. ఇదంతా దేశానికీ దేశానికీ మధ్య జరిగే యుద్ధంలో. సాయుధ ముఠాలకి ఈ హక్కు లేదు. 2014లో మోసుల్ పడిపోయినప్పుడు ఐసిస్ చేతికి చిక్కిన వాహనాల గురించి, ఒక్క ఆ ఊళ్లోనే 2,300 హమ్వీలు, అంటే అమెరికా తయారీ సైనిక జీపులు, పోగొట్టుకున్నామని ఇరాక్ ప్రధాని అబాదీ తర్వాత చెప్పారు. ఐసిస్ వాటికి యజమాని కాలేదు, చట్టప్రకారం అది దోపిడీ. కాబట్టి వార్తలో "స్వాధీనం" అన్న మాట కనబడగానే, ఎవరు స్వాధీనం చేసుకున్నారు అని ఆగి చూడండి. ముఠా అయితే చట్టం మనవైపే ఉంటుంది గానీ ముఠాకి చట్టంతో పనేంటి.

అమ్మేదెవరు, కొనేదెవరు

ఇప్పుడు ఆంక్షల దగ్గరికొద్దాం. లాక్కున్నది అమ్ముకోవడం నేరం కాదన్నాం కదా, అందుకే ఎవరైనా ఆపాలంటే విడిగా ఆంక్షలు తేవాలి. అవి రెండు రకాలు. ఒకటి భద్రతా మండలి పెట్టేది, అన్ని సభ్యదేశాలూ పాటించాలి. రెండోది ఒక దేశమో కూటమో సొంతంగా పెట్టేది, అమెరికా, యూరోపియన్ యూనియన్ లాంటివి. అది వాళ్ల పరిధిలో ఉన్నవాళ్లకీ, వాళ్ల బ్యాంకులతో పనిపడేవాళ్లకీ తగులుతుంది.

మొదటి రకం కాగితం మీద బలమైనది. కానీ అమ్మే దేశానికి మండలిలో వీటో ఉంటే ఆ కాగితం పుట్టనే పుట్టదు. పుట్టినా అమలు చేసే చెయ్యి కావాలి. లిబియా మీద 2011లో 1970వ తీర్మానంతో ఆయుధ నిషేధం పెట్టారు. గడాఫీ గోదాములు పగలగొట్టి తీసుకెళ్లిన ఆయుధాలు ఏడాది తిరక్కుండానే మాలీలో తేలాయి. 2016లో నడిసముద్రంలో ఓడలు తనిఖీ చేసేందుకు ఇంకో తీర్మానం చేశారు. 2020 ఫిబ్రవరికల్లా ఐక్యరాజ్యసమితి తరఫున లిబియా వ్యవహారాలు చూస్తున్న స్టెఫనీ విలియమ్స్ గారే ఈ నిషేధం ఒక జోక్ అయిపోయిందన్నారు. పెట్టినవాళ్లే అలా అంటే మనం ఏమనాలి!

కాబట్టి వార్త చదివేటప్పుడు తారీఖులు చూసుకోవాలి. ఉదాహరణకి, 2022 చివర్లోనూ 2023 మొదట్లోనూ అంతర్జాతీయ టీవీ ఛానళ్లలో కథనాలు వచ్చాయి, యుక్రెయిన్‌లో దొరికిన పాశ్చాత్య దేశాల క్షిపణుల్ని, జావెలిన్, స్టింగర్ లాంటివాటిని, రష్యా ఇరాన్‌కి పంపించిందని. అధికారుల పేర్లు చెప్పకుండా వచ్చిన కథనాలవి, కాబట్టి "అని వార్తలు వచ్చాయి" అనే రాయండి, "పంపింది" అని రాయకండి. నిజమే అనుకుని లెక్క కడదాం. ఇరాన్‌కి మామూలు ఆయుధాలు అమ్మకుండా, అణు ఒప్పందాన్ని ఆమోదించిన భద్రతా మండలి 2231వ తీర్మానంలో ఉన్న నిషేధం 2020 అక్టోబరు 18న ముగిసిపోయింది. అంటే 2022లో ట్యాంకు మీద పేల్చే క్షిపణి ఇరాన్‌కి ఇవ్వడాన్ని ఆపే భద్రతా మండలి ఆయుధ నిషేధం అప్పటికి లేదు. పాత ఆంక్షలు తిరిగొచ్చింది 2025 సెప్టెంబరు చివర్లో, స్నాప్‌బ్యాక్ కింద, అంటే మాట తప్పితే ఎత్తేసిన ఆంక్షలు మళ్లీ వచ్చిపడే ఏర్పాటు కింద. దాన్నీ మేం ఒప్పుకోం అన్నాయి రష్యా, చైనా. చూశారా, ఒకే పని ఒక ఏడాది నిషేధం కిందికి రాదు, ఇంకో ఏడాది వస్తుంది, వచ్చినా అమ్మేవాడే ఆ నిషేధాన్ని గుర్తించనంటాడు.

పోనీ అమెరికా సొంత ఆంక్షలు? ఆ రెండు దేశాల మీదా అప్పటికే ఉన్నాయి, పెట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. నిండా మునిగినవాడికి చలేమిటి. ఆంక్షల భయం పనిచేసేది పోగొట్టుకోవడానికి ఏదో ఉన్నవాడి మీద: డాలర్లలో అప్పు తీసుకునేవాడు, యూరప్‌కి సరుకు అమ్మేవాడు, విమానాలకి ఇంజన్లు కొనేవాడు. ఆంక్షల్లో ఉన్న ఇద్దరు ఒకరికొకరు అమ్ముకుంటే డబ్బు కూడా అక్కర్లేదు, సరుకుకి సరుకు. మన పల్లెల్లో ధాన్యం కొలిచి కుండలు తీసుకున్నట్టు.

ఆంక్షల గురించి గట్టిగా మాట్లాడే దేశాలు కూడా ఈ బజారుకి రాలేదని అనుకోకండి. 1982లో లెబనాన్‌లో పాలస్తీనా విమోచన సంస్థ దగ్గర ఇజ్రాయెల్ పట్టుకున్న సోవియట్ తరహా ఆయుధాల్ని 1983, 84లలో అమెరికా రక్షణశాఖే గుట్టుగా తీసుకుంది. ఆపరేషన్ టిప్డ్ కెటిల్ అని పేరు. అందులో కొంత నికరాగువాలో కాంట్రా తిరుగుబాటుదార్లకి చేరింది. అక్కడ ఉపయోగం ఏంటంటే, ఆ ఆయుధాల మీద అమెరికా ముద్ర ఉండదు. పట్టుబడిన ఆయుధానికి ఉండే అసలు గిరాకీ ఇదే అని నా అనుమానం: ధర తక్కువని కాదు, అది ఎవరు ఇచ్చారో చెప్పదని.

వస్తువు ఎంత తింటుంది?

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది, పుస్తకాల్లో దీనికి తక్కువ చోటిస్తారు. చట్టం సంగతి తర్వాత, ముందు ఆ వస్తువు బతకడానికి ఎంత మేత కావాలో చూడండి.

యుద్ధవిమానం రోజూ తింటుంది. టైర్లు, సీళ్లు, ఇంజను భాగాలు, రాడార్ ముక్కలు, తర్ఫీదైన మెకానిక్. ఇరాన్ షా కాలంలో అమెరికా దగ్గర 79 ఎఫ్-14 విమానాలు తీసుకుంది, 1979 విప్లవం తర్వాత విడిభాగాలు ఆగిపోయాయి. ఇది లాక్కున్న సరుకు కాదు, డబ్బిచ్చి కొన్నదే, కానీ ఆంక్ష ఎక్కడ నొక్కుతుందో దీనికంటే బాగా ఏదీ చూపించదు. 2006లో అమెరికా తన ఎఫ్-14లని రిటైర్ చేశాక, పాత సామాన్ల వేలంలో వాటి భాగాలు ఇరాన్‌కి చేరతాయన్న భయంతో విమానాల్నే యంత్రాల్లో వేసి తుక్కు చేయించింది. ఎగిరే దశ దాటిపోయిన విమానాన్ని నట్టు కూడా మిగలకుండా నలగ్గొట్టారంటే, విడిభాగం విలువ ఏంటో అర్థం చేసుకోండి. అయినా ఇరాన్ ఒకదాన్ని ఊడదీసి ఇంకోదానికి పెడుతూ, కొన్ని సొంతంగా తయారుచేసుకుంటూ దశాబ్దాల పాటు కొన్నిటిని ఎగరేస్తూనే వచ్చింది. సంఖ్య తగ్గింది, ఆగలేదు.

మనకి దగ్గర కథ ఒకటి ఉంది. 1971 డిసెంబరులో విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన జిల్లాలో చాలామందికి తెలుసు. అది అంతకుముందు అమెరికా నేవీలో డయాబ్లో అనే పేరుతో ఉండేది, పాకిస్తాన్‌కి లీజుకిచ్చారు. 1965 యుద్ధం రాగానే అమెరికా ఇండియా, పాకిస్తాన్ రెండిటికీ ఆయుధాలు ఆపేసింది. మరి పెద్ద రిపేరు వస్తే? టర్కీ తీసుకెళ్లారు. 1967 నుంచి సూయజ్ కాలువ మూసేసి ఉంది, అందుకని కరాచీ నుంచి ఆఫ్రికా ఖండమంతా చుట్టుకుని వెళ్లి, అలాగే చుట్టుకుని తిరిగొచ్చింది. మావయ్య పంపు కోసం ఊరూరా తిరిగినట్టే. ఆంక్ష ఆపలేకపోయింది, కానీ నెలల కాలమూ బోలెడు డబ్బూ తినేసింది.

ఇక రైఫిలు. రైఫిలు ఏమీ తినదు. నూనె చుక్క, గుడ్డ ముక్క, తూటాలు. 1975లో అమెరికా వెనకేసుకొచ్చిన దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయినప్పుడు, గెలిచిన ఉత్తర వియత్నాం చేతికి అమెరికా ఆయుధాలు లక్షల్లో దొరికాయి. అమెరికా వాణిజ్య నిషేధం 1994 దాకా, ఆయుధ నిషేధం పూర్తిగా 2016 దాకా వియత్నాం మీద ఉంది. ఈ మధ్యలో 1980లలో ఎల్ సాల్వడార్‌లో తిరుగుబాటుదార్ల దగ్గర పట్టుకున్న ఎం-16 రైఫిళ్ల సీరియల్ నంబర్లు చూస్తే కొన్ని ఆ యుద్ధం రోజుల్లో అమెరికా వియత్నాంకి పంపిన ఖాతాలో తేలాయి. వియత్నాం ఎక్కడ, ఎల్ సాల్వడార్ ఎక్కడ! అదే వియత్నాంకి దొరికిన ఎఫ్-5 యుద్ధవిమానాలు కొన్ని పరీక్షల కోసం సోవియట్ యూనియన్‌కీ, చెకొస్లోవేకియాకీ, పోలెండ్‌కీ వెళ్లాయి. రైఫిలు మాత్రం మహాసముద్రం దాటి యుద్ధానికే వెళ్లింది.

అఫ్గానిస్తాన్‌లో 2021లో జరిగిందీ అంతే. అఫ్గాన్ సైన్యానికి అమెరికా ఇచ్చినవాటిలో దాదాపు 7 బిలియన్ డాలర్ల సామగ్రి అక్కడే ఉండిపోయిందని అమెరికా రక్షణశాఖ లెక్క చెప్పింది. హెలికాప్టర్లు మెకానిక్కులు లేక, విడిభాగాలు లేక చాలావరకు కూలబడ్డాయి. ఎం-4 రైఫిళ్లు పాకిస్తాన్ దాటి జమ్మూకశ్మీర్‌లో మన సైన్యానికి దొరుకుతున్నాయి. ఈ మాట చెప్పినప్పుడు సుబేదార్ గారు పేపరు మడిచేసి, "పెద్దదానికి తాళం ఏస్తారు, చిన్నది జేబులో ఎల్లిపోద్ది" అన్నారు. పరీక్షలో ఇదే మాట కాస్త ఇస్త్రీ చేసి రాసుకోండి.

క్షిపణులు ఈ రెండిటికీ మధ్యలో ఉంటాయి. భుజాన పెట్టి పేల్చేవాటిలో బ్యాటరీ ఉంటుంది, దానికి ఆయుష్షు ఉంటుంది, అందుకే దాచుకుని తర్వాత అమ్ముకుందామంటే కుదరదు. అయినా 1980లలో అఫ్గాన్ ముజాహిదీన్లకి తనే ఇచ్చిన స్టింగర్లని వెనక్కి కొనడానికి అమెరికా 1990లలో కోట్ల డాలర్లు పెట్టింది. ఆంక్షలు చెయ్యలేని పని డబ్బుతో చేయించుకోవాలని చూసింది, అదీ పూర్తిగా అవలేదు.

దారి, కాగితం, డబ్బు

వస్తువు గాల్లో ఎగిరి వెళ్లదు. రైలో, ఓడో, విమానమో ఎక్కాలి. నిషేధం నిజంగా పట్టుకునేది ఇక్కడే. 2013 జూలైలో చోంగ్ చోన్ గాంగ్ అనే ఉత్తర కొరియా ఓడ క్యూబా నుంచి వస్తుంటే పనామా కాలువ దగ్గర ఆపారు. చక్కెర అన్నారు. రెండు లక్షలకి పైగా బస్తాలు, మనుషులు ఒక్కోటీ దించాలి. రోజుల తరబడి దించితే అడుగున రెండు మిగ్-21 విమానాలు, వాటి ఇంజన్లు, క్షిపణి విడిభాగాలు. బాగుచేయించి వెనక్కి తెప్పించుకోవడానికి పంపాం అని క్యూబా చెప్పుకుంది. రాజాం మార్కెట్లో బెల్లం లారీ దించే కూలీల్ని చూసినవాళ్లకి రెండు లక్షల బస్తాలంటే ఏంటో తెలుస్తుంది. ఉత్తర కొరియా మీద భద్రతా మండలి తీర్మానాలు ఉండబట్టి, ఓడ ఇరుకైన కాలువలోకి రాబట్టి, పనామా ఒళ్లొంచబట్టి దొరికాయి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా చక్కెర చక్కెరగానే వెళ్లిపోయేది.

రెండు దేశాలకి భూసరిహద్దో, ఇద్దరి తీరాలూ తాకే సముద్రమో ఉంటే ఇంకెవరు ఆపుతారు? మ్యాప్ తీసి చూడండి. రష్యా, ఇరాన్ మధ్య కాస్పియన్ ఉంది, అక్కడ పనామా లేదు.

కాగితంతో చేసే మాయ వేరే. 1966లో పశ్చిమ జర్మనీ 90 సేబర్ యుద్ధవిమానాల్ని ఇరాన్‌కి అమ్మింది. అవి తేలింది పాకిస్తాన్‌లో. మనం బుద్ధిమంతులమేమీ కాదు: అదే రోజుల్లో పశ్చిమ జర్మనీ నేవీ వాడి పక్కన పెట్టిన 28 సీ హాక్ విమానాలు ఒక దళారీ ద్వారా కాగితాల మీద ఇటలీకి బయల్దేరి మన నేవీకి చేరాయి. ఇవి పట్టుబడిన ఆయుధాలు కావు, మామూలు కొనుగోళ్లే. కానీ అమెరికా కన్ను ఉపఖండం మీద ఉన్న ఆ రోజుల్లోనే, సర్టిఫికెట్లు ఉన్న సరుకే దారి మారితే, కాగితమే లేని సరుకు సంగతి ఊహించుకోండి.

డబ్బు గురించి క్లుప్తంగా చెప్తా. డాలర్లో జరిగే లావాదేవీ ఎక్కడో ఒకచోట అమెరికా బ్యాంకు గడప తొక్కుతుంది, అక్కడ పట్టుకుంటారు. 2017లో తెచ్చిన కాట్సా చట్టంతో రష్యా ఆయుధాలు కొనే మూడో దేశాన్ని కూడా శిక్షించే దారి పెట్టుకున్నారు. విమానాల్నీ క్షిపణుల్నీ కూల్చే రష్యా ఎస్-400 వ్యవస్థ కొన్నందుకు 2020 డిసెంబరులో టర్కీ మీద వేశారు. అదే ఎస్-400ని 2018లో ఒప్పందం చేసుకున్న మన మీద వెయ్యలేదు. ఆంక్ష అంటే చట్టం ఒక్కటే కాదు, ఎవరి మీద వెయ్యాలన్న లెక్క కూడా. ఇంటర్వ్యూలో ఈ మాట కాస్త మర్యాదగా అనండి.

ఆయుధ వాణిజ్య ఒప్పందం ఉంది కదా అని ఎవరైనా అడుగుతారు. 2013లో ఆమోదించారు, 2014 డిసెంబరు 24 నుంచి అమల్లోకొచ్చింది, ఆయుధాలు దారి మళ్లకుండా చూడాలని అందులో ఒక అధికరణే ఉంది. కానీ ఓటింగులో ఇండియా, రష్యా, చైనా తటస్థంగా ఉన్నాయి. తర్వాత 2020లో చైనా చేరింది, ఇండియా, రష్యా ఇప్పటికీ బయటే.

ఇంకోటి మర్చిపోకండి: లాక్కున్నదంతా అమ్మకానికి రాదు. చాలాభాగం అక్కడే వాడేసుకుంటారు, కొంత విప్పి చదువుతారు, కొంత బొమ్మలా నిలబెడతారు. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర మనకి దొరికిన పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల్ని చాలావాటిని ఊరూరా స్మారకాలుగా పెట్టుకున్నాం. 2024 మేలో మాస్కోలో రష్యా కూడా యుక్రెయిన్‌లో దొరికిన అబ్రామ్స్, లెపర్డ్ ట్యాంకుల్ని ప్రదర్శనకి పెట్టింది.

మరి జవాబు ఎలా రాయాలి

మొదటి వాక్యంలోనే తేల్చి చెప్పండి: "ఆంక్షలు ఇలాంటి అమ్మకాన్ని అరుదుగా ఆపుతాయి, దాని ధర, వేగం, ఉపయోగం తగ్గిస్తాయి." వెంటనే హేగ్ నిబంధనలూ, సంతకం లేనివాడిని కట్టెయ్యని ఎండ్ యూజర్ షరతూ. తర్వాత వస్తువుని బట్టి విడగొట్టండి, విమానానికి ఒక ఉదాహరణ, రైఫిలుకి ఒక ఉదాహరణ, అంతే, ఆరు పెట్టకండి. ఆ తర్వాత అమ్మేవాడూ కొనేవాడూ అప్పటికే ఆంక్షల్లో ఉన్నారా లేదా. చివర్లో ఏం చేస్తే మేలో రాయమంటే ఆచరణలో ఉన్నవే రాయండి: విడిభాగాల మీద నిఘా, ఓడల తనిఖీ, సీరియల్ నంబర్ల రికార్డు, వదిలి వెళ్లాల్సొస్తే ముందే పాడుచెయ్యడం, కుదిరితే వెనక్కి కొనడం. "అంతర్జాతీయ సమాజం ఐక్యంగా" అని మొదలయ్యే వాక్యం ఏదైనా చేతికొస్తే కొట్టేయండి, దానికి మార్కు లేదు.

వార్తయితే జవాబు కంటే ముందు ఫొటో చూడాలి. ఆరోజు సాయంత్రమే మా గ్రూపులోకి ఒకటి వచ్చింది, ఎక్కడో సంతలో బల్ల మీద పచ్చటి గొట్టం, పక్కన నిలబడ్డ మనిషి, కింద "అమెరికా క్షిపణి అమ్మకానికి" అని. నేను నిజమే అనుకుని ఇంకో రెండు గ్రూపులకి పంపేశాను కూడా. ఇంత రాసిన నేనే! సుబేదార్ గారు ఫోన్ తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి గొట్టం కొన దగ్గర ఆపారు. లోపల్నుంచి అవతల గోడ మీద అంటించిన సినిమా పోస్టరు కనబడుతోంది.

"చూసినావా, ఈ పక్క నుంచి ఆ పక్కకి ఖాళీ. కాల్చేసి పారేసిన గొట్టం ఇది," అన్నారు. "అమ్ముకోనీ పాపం. మా దొడ్లో బొప్పాయి మొక్కలకి నీల్లు పెట్టుకోడానికి నేనూ ఒకటి కొంటాను."